వీన్‌కాంప్ వారి దానధర్మాలు

రేపటి సమావేశానికి బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఇస్త్రీ చేస్తోంది నోరీన్. గారెట్ వచ్చి ఫ్రిజ్ తెరిచి, అందులో ఏముందో చూసుకుని, ఏమీ తీసుకోకుండానే మూసి, అప్పుడన్నాడు: "అన్నట్టు, ఆ నాలుగో కుర్చీ మన టెస్సాకి. నాన్న నిన్న ఫోన్ చేశారు. పిల్లకి ఇరవై ఒకటి నిండాయి కదా."

ముఖ్యమైన సంగతులన్నీ గారెట్ నోట 'అన్నట్టు' తర్వాతే వస్తాయి. వాళ్ళమ్మకి జబ్బని తెలిసినప్పుడూ అంతే, తన ఉద్యోగం పోయినప్పుడూ అంతే. నోరీన్ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"మామయ్యగారితో నా గురించి మాట్లాడతానన్నావు."

"మాట్లాడదామనే అనుకున్నాను. మనవరాలు వస్తోందని ఆయన ఎంత సంబరపడుతున్నారో నువ్వు వినాల్సింది. మధ్యలో ఇదెలా చెప్పమంటావు? అయినా నీకు ఓటెందుకు నోరీన్, పనంతా నీ చేతిలోనే ఉందిగా."

పనంతా ఆమె చేతిలోనే ఉంది, ఆ మాట నిజమే. పాతికేళ్ళ కిందట మామగారు కార్నీలియస్ సోఫాల కార్ఖానా అమ్మేసి, వచ్చినదాంట్లో పెద్ద భాగం తీసి వీన్‌కాంప్ కుటుంబ నిధి అని పెట్టారు. ఊళ్ళో మంచిపనులు చేసే చిన్న చిన్న సంస్థలకి ఏటా దాన్నుంచి ఇస్తారు. పేదలకి తిండి పెట్టేవాళ్ళు, పిల్లలకి చదువు నేర్పేవాళ్ళు, దిక్కులేని కుక్కల్ని సాకేవాళ్ళు, మిషిగన్ సరస్సు ఒడ్డున చెత్త ఏరేవాళ్ళు, అందరూ అర్జీలు పెడతారు. ఎవరికివ్వాలో తేల్చేది నలుగురు: మామగారు, అత్తగారు, గారెట్, చికాగోలో ఉండే ఆడపడుచు గ్రెచెన్. నిధి పెట్టిన భార్యాభర్తలు కాక, వాళ్ళ రక్తం పంచుకు పుట్టినవాళ్ళకే ఓటు. కోడళ్ళకీ అల్లుళ్ళకీ లేదు. మొన్న జనవరిలో అత్తగారు పోయారు. కుర్చీ ఖాళీ అయింది. రూలు మార్చడం ఎంతసేపు, నాన్న ఒక్క సంతకం పెడితే సరి, అని గారెట్ తనంతట తనే అన్నాడు. ఆమె అడగలేదు. అడక్కుండా అన్నాడు కాబట్టే నమ్మింది.

ఇరవై రెండేళ్ళు. ప్రతి వసంతంలోనూ ముప్ఫై పైచిలుకు అర్జీలు వస్తాయి. అవన్నీ ఆమె చదువుతుంది. ఒక్కొక్క చోటికీ కారేసుకుని వెళుతుంది. వంటగదుల్లో నిలబడి ఉర్లగడ్డలు తరుగుతూ వాళ్ళ కష్టం వింటుంది, కుక్కల పాకలో మోకాళ్ళ దాకా తడుస్తుంది, ఎవరు పని చేస్తున్నారో ఎవరు కబుర్లు చెబుతున్నారో కనిపెడుతుంది. ఇంటికొచ్చి ఒక్కోదాని మీద ఒక్కో పేజీ రాస్తుంది. ఆ పేజీల కింద పేరు ఉండదు. గారెట్ వాటిని నీలం అట్టలో పెట్టుకుని బల్ల దగ్గర కూచుని, 'మేం చూసినంతలో' అని మొదలుపెడతాడు. ఆ 'మేం'లో తనెక్కడుందా అని కొత్తల్లో నోరీన్ వెతుక్కునేది. "గారెట్ పేజీ చదివితే ఆ చోటికి వెళ్ళొచ్చినట్టే ఉంటుంది," అని మామగారు ఓసారి అన్నారు. గారెట్ తల వంచుకుని చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి, "చెప్పొచ్చుగా నేను రాశానని," అంటే, "మనిద్దరం వేరా?" అన్నాడు. ఎంత తియ్యటి మాట. ఓటు దగ్గర మాత్రం ఇద్దరూ వేరే.

కన్నకూతుర్ని చూసి ఏ తల్లైనా కుళ్ళుకుంటుందా? నోరీన్ కుళ్ళుకుంది. దాచడం దేనికి, కడుపులో మంట గొంతు దాకా వచ్చింది. గ్రెచెన్ మీద ఉన్నది పాత అసూయ, అరిగిపోయిన చెప్పులాగా అలవాటైపోయింది. ఏడాదికి రెండుసార్లు ఎర్రకోటు వేసుకుని వచ్చి, కారులోనే మొదటిసారి కాగితాలు తిరగేసి, చెయ్యెత్తి వెళ్ళిపోతుంది, పోనీలే అనుకునేది. కానీ టెస్సా? నెలల పిల్లప్పుడు చంకనేసుకుని అన్నదానం వంటిళ్ళకి తిప్పింది తను. ఆ పిల్ల మొదటి అడుగులు వేసింది కుక్కల పాకలో. ఇవాళ దానికి తాతగారి దగ్గర్నించి బంగారు రంగు అక్షరాల కాగితం మీద ఉత్తరం వచ్చింది, 'కుటుంబ బాధ్యతలోకి స్వాగతం' అని. ఏం చేసిందట? పుట్టింది. పుట్టించిన తల్లికి లేని అర్హత పుట్టిన పిల్లకి వచ్చింది. ఈ లెక్క ఎలా తిప్పి చూసినా నోరీన్‌కి మింగుడు పడలేదు. ఛీ, ఏం తల్లిని నేను, అని తిట్టుకుంది కూడా. తిట్టుకుంటే అసూయ తగ్గలేదు, పక్కన సిగ్గు కూడా వచ్చి చేరింది.

మర్నాడు పొద్దున టెస్సా వంటింట్లోకి వచ్చి, బాదం రొట్టె అంచు తుంపి నోట్లో వేసుకుంది. కొత్త నీలం కోటు వేసుకుంది, జుట్టు ఎత్తి కట్టింది. అందంగా ఉంది పిల్ల.

"అన్నీ చదివావా?" అంది నోరీన్, బఠానీల సూప్ కలుపుతూ.

"రెండేసిసార్లు చదివానమ్మా. నాన్న ఎంత బాగా రాస్తారో నాకు తెలియనే తెలియదు."

గరిటె ఆగింది. "అవి నేను రాసినవి."

"అవునా? ఇద్దరూ కలిసి రాస్తారా?"

"ఒక్కదాన్నే రాస్తాను."

టెస్సా మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది. ఈలోగా తలుపు దగ్గర తాతగారి గొంతు వినపడి, "వస్తున్నా తాతయ్యా," అంటూ వెళ్ళిపోయింది. నోరీన్ అడగాలనుకున్నది ఇంకోటుంది. అరువు గది గురించి ఏమనుకున్నావు, అని. అడగలేకపోయింది.

ఆ ఏడు వచ్చిన అర్జీలన్నిట్లో నోరీన్ ప్రాణం ఆ అరువు గది మీదే ఉంది. చర్చి కింద నేలమాళిగలో ల్యూసిల్ అనే ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా నడుపుతోంది. కాలు విరిగినవాళ్ళకి చంకకర్రలు, నడవలేనివాళ్ళకి చక్రాల కుర్చీలు, మంచాన పడ్డవాళ్ళకి ఎత్తి దించే మంచాలు, మరుగుదొడ్డి కుర్చీలు, అన్నీ ఉచితంగా అరువిస్తుంది. అవసరం తీరాక తెచ్చి ఇచ్చేస్తే చాలు. గురువారాలు నోరీన్ వెళ్ళి చక్రాలు కడుగుతుంది. అక్కడి చిత్రం ఏమిటంటే, చక్రాల కుర్చీ కావలసినవాళ్ళు దానికోసం పద్నాలుగు మెట్లు దిగాలి. పోయినేడు ఒక ముసలాయన అందుకోసమే దిగుతూ తుంటి విరగ్గొట్టుకున్నాడు. రోడ్డు మీదున్న పాత మందుల దుకాణం అద్దెకి తీసుకుంటే ఆ బాధ తప్పుతుందని ల్యూసిల్ అర్జీ. అత్తగారి ఆఖరి రోజుల్లో ఆవిడని లేపి కూచోబెట్టింది నోరీనే, ఆ గది నుంచి తెచ్చిన మంచం మీదే. ఈ ఇంట్లో ఎవరికీ ఆ మంచం ఎక్కడిదో తెలియదు, ఎవరూ అడగలేదు. ఓటు తనకి ఉంటే మొదటి ఓటు దానికే, అని చలికాలమంతా అనుకుంటూ వచ్చింది.

సమావేశం మొదలవగానే గ్రెచెన్ మొగుడు రస్ తన కాఫీ కప్పు పట్టుకుని బయటి అద్దాల గదిలోకి నడిచాడు. అది వాళ్ళింటి ఆచారం. బయటి నుంచి వచ్చినవాళ్ళు బయటి గదిలో.

"రా చెల్లెమ్మా, మన రాజ్యంలోకి," అన్నాడు టీవీ పెడుతూ. "నీకెందుకంత దిగులు? ఓటేస్తే బాధ్యత. ఇక్కడ ఆట చూడొచ్చు."

రస్‌కి నిజంగానే సుఖం. ఈ పాతికేళ్ళలో ఒక్క అర్జీ చదవలేదు, ఒక్క చోటికీ వెళ్ళలేదు. ఆ సుఖం చూసినా నోరీన్‌కి అసూయే వేసింది. కాఫీ కూజా నింపే వంకతో భోజనాల గదిలోకి వెళ్ళింది.

అప్పుడే అరువు గది వంతు వచ్చింది. గ్రెచెన్ ముక్కు చిట్లించింది. "మొన్న నాట్యశాలకిచ్చాం, గోడ మీద నాన్న పేరు చెక్కారు. మరుగుదొడ్డి కుర్చీల మీద మన పేరు ఎక్కడ రాయిస్తాం?"

గారెట్ నవ్వాడు. నీలం అట్ట అతని ముందే ఉంది. 'మేం చూసినంతలో' అనలేదు, నోరీన్ వైపు చూడనూ లేదు.

"మన కొత్త సభ్యురాలు ఏమంటుందో?" అన్నారు మామగారు.

టెస్సా కాగితం ముందుకి లాక్కుంది. "పని మంచిదే తాతయ్యా. కానీ ఈ పేజీలోనే ఒక మాటుంది. నడిపే ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు, ఆవిడ తర్వాత ఎవరన్నది తెలియదు, అని. దుకాణం అయిదేళ్ళకి అద్దెకి తీసుకుంటామంటున్నారు. ఆ అయిదేళ్ళూ ఎవరు నడుపుతారు? చూసేవాళ్ళు లేనిచోట ఇవ్వడం వాళ్ళకీ మంచిది కాదు."

ఆ మాట రాసింది నోరీనే. నిజం రాయాలి కదా అని రాసింది. ఇరవై రెండేళ్ళుగా ఏ పేజీలోనూ ఒక్క అబద్ధం రాయలేదు. తన నిజాన్ని తన కూతురే ఎత్తి చూపించింది, అదీ ఎంత బాగా! అరవలేదు, తడబడలేదు, పెద్దవాళ్ళ మధ్య పెద్దదానిలా చెప్పింది. అలా చెప్పాలని నోరీన్ ఎన్నిసార్లు అనుకుందో, గిన్నెలు తోముతూ ఎన్నిసార్లు మనసులో చెప్పుకుందో. గర్వం వచ్చింది, కాదనడానికి లేదు. గర్వం వెనకే, ఆ కుర్చీలో నేను కూచోవలసింది, ఆ గొంతు నాది, అని గుండెలో పొడిచినట్టయింది. కూజా పట్టుకుని నిలబడిపోయింది.

"తర్వాత ఎవరో నేను చెబుతాను," అనబోయింది.

"అమ్మాయ్, ఓటు వేళ," అన్నారు మామగారు, చాలా మర్యాదగా.

నోరీన్ అద్దాల తలుపు వెనక్కి వెళ్ళింది. నాలుగు చేతులు లేవడం అక్కడి నుంచి కనపడింది. వద్దని. నాలుగో చెయ్యి టెస్సాది, మూడోది గారెట్‌ది. గారెట్ చెయ్యి మోచేతి దాకానే లేచింది. సగం లేచినా ఓటు ఓటే.

ల్యూసిల్ రెండేళ్ళుగా అడుగుతోంది, ఇది నువ్వు చూసుకోవే, జీతం పెద్దగా ఇవ్వలేను గానీ ఎంతో కొంత ఇస్తాను, అని. మావాళ్ళ అర్జీల పని ఉంది, తీరదు, అంటూ వచ్చింది నోరీన్. ఎవరి పని, ఎవరి అర్జీలు? రస్ పక్కనే నిలబడి ఫోన్ చేసింది.

"ల్యూసిల్, డబ్బు రాలేదు. నేను వస్తున్నాను."

"ఎక్కడికి?"

"నీ చోట్లోకి. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి."

"వీన్‌కాంప్ వాళ్ళు ఊరుకుంటారుటే?"

"వాళ్ళనేం అడగలేదు," అంది నోరీన్. రస్ టీవీ గొంతు తగ్గించి ఆమె వంకే చూస్తున్నాడు.

మధ్యాహ్నం అందరూ సూప్ దగ్గర కూచున్నారు. మామగారు మనవరాలి భుజం తట్టి, "అచ్చం వీన్‌కాంప్ బుర్ర," అన్నారు. టెస్సా తలెత్తలేదు. "ఆ పేజీ అమ్మ రాసింది తాతయ్యా. అన్నీ అమ్మే రాస్తుంది," అంది గబగబా. గారెట్ బన్ను తుంపుతూ ఆగిపోయాడు. పొద్దున ఆ మాట విని ఉంటే నోరీన్ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఇప్పుడది ఆలస్యంగా వచ్చిన వడ్డనలా అనిపించింది. ఆకలి వేరే చోటికి వెళ్ళిపోయింది.

ఆమె గరిటె గిన్నెలో వదిలి కూచుంది. "ల్యూసిల్ తర్వాత ఎవరన్నారు కదా. నేనే. వచ్చే నెల నుంచి ఆ గది నాది."

"అదేమిటి వదినా," అంది గ్రెచెన్, "మరి అర్జీలు ఎవరు చదువుతారు?"

"ఓటున్నవాళ్ళు చదువుకుంటారు."

"నాతో ఒక్క మాట అనకుండానా?" అన్నాడు గారెట్.

"అన్నట్టు," అంది నోరీన్, "ఇప్పుడు చెబుతున్నాను."

మామగారు చెంచా కింద పెట్టారు. ఆయనకి రూలంటే ప్రాణం, కోపం వచ్చినా రూలు ప్రకారమే వస్తుంది. "అక్టోబరులో మళ్ళీ అర్జీ పెట్టొచ్చు. పెట్టినవాళ్ళ తాలూకు మనుషులు ఓటు వెయ్యకూడదు. గారెట్, టెస్సా లేచి బయటికి వెళ్ళాలి."

"నేను వెయ్యలేనా అమ్మా?" అంది టెస్సా. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఈసారి నీకు వేద్దామనుకున్నాను."

నోరీన్ కూతురి చెయ్యి పట్టుకుంది. మంట ఇంకా ఉంది, అబద్ధం దేనికి. కానీ ఆ చెయ్యి తన చేతిలో చిన్నగా, వెచ్చగా ఉంది.

"ఇంకో రూలు కూడా ఉంది కదా మామయ్యగారూ," అంది ఆయన వైపు తిరిగి. "రెండోసారి అర్జీ పెట్టినవాళ్ళు ఈ బల్ల దగ్గరికొచ్చి పది నిమిషాలు మాట్లాడొచ్చు. ఎవరూ ఆపకూడదు."

"ఉంది."

"కోడలికి లేనిది అడుక్కునేవాళ్ళకి ఉందన్నమాట," అంది నోరీన్. "నేను అడుక్కోవడానికే వస్తాను."