మాట మానేసిన ఇల్లు

ఆ ఇంట్లో భోజనాల వేళ చూసినవారెవరైనా, ఎంత ఒద్దికైన కుటుంబమో అని ముచ్చటపడతారు. తల్లి చేత్తో సైగ చేస్తే కొడుకు నీళ్ల గ్లాసు అందిస్తాడు. ఇంకొంచెం వడ్డించనా అని కోడలు కళ్లతోనే అడుగుతుంది. గరిటె చప్పుడు తప్ప మరో చప్పుడుండదు. ఆ నిశ్శబ్దం మధ్య తల వంచుకుని తింటున్న పెద్దాయన మాత్రం రోజురోజుకీ ఒంటరివాడైపోతున్నాడు.

ఇంటి ముందుగదిలోనే ఆయన సెలూన్. వీధిలో అందరూ ఆయన్ని 'రేడియో' అనేవారు. కుర్చీలో కూర్చున్నవాడి మెడకు గుడ్డ చుట్టింది మొదలు, దాన్ని దులిపేదాకా ఆయన నోరు మూతపడేది కాదు. జుట్టు పెరగకపోయినా కబుర్ల కోసం వచ్చి కూర్చునేవాళ్లుండేవారు. అలాంటి మనిషికి గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేశారు. మెడలోని గడ్డలు కూడా తీయడంతో కుడిభుజం పట్టు తప్పింది. ఇప్పుడు మెడ మీదున్న చిన్న రంధ్రంగుండానే ఊపిరి. ప్రాణం మాత్రం నిలిచింది.

"మాట నేర్పించాలి, భుజానికి వ్యాయామం చేయించాలి. తప్పకుండా తీసుకురండి," అని ఇంటికి పంపేటప్పుడే డాక్టర్ చెప్పారు. కొడుకు తలూపాడు. కానీ దారిలోనే తల్లి తేల్చేసింది.

"మనిషి దక్కాడు, అదే పదివేలు. మళ్లీ ఆ గొంతును కదిలించడం ఎందుకురా?"

పాఠకులారా, పొరపాటు ఇక్కడే జరిగింది. అదీ ప్రేమ ఎక్కువై జరిగింది. తాము మాట్లాడుతుంటే ఆయన మనసు కష్టపడుతుందని, ఆయన ఎదుట అందరూ మాటలు మానేశారు. చెవులు శుభ్రంగా పనిచేస్తున్న మనిషితో చేతులూపి మాట్లాడారు. ఆయన గదిలోకి రాగానే నవ్వులు ఆగిపోయేవి. సెలూన్‌లోకి తొంగిచూస్తే, ఇప్పుడు దాన్ని నడుపుతున్న కొడుకు, లోపలికెళ్లి పడుకోమని చెయ్యి చూపించేవాడు.

ఆయనకు అది మరోలా అర్థమైంది. తనంటే అందరికీ విసుగు పుట్టిందనుకున్నాడు. వెనకగదిలో పడుకుని, ముందుగదిలోంచి వచ్చే కత్తెర చప్పుడు వింటూ ఉండేవాడు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు దువ్వెన పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. ఏడుపొచ్చింది, అదీ చప్పుడు లేకుండానే వచ్చింది. దువ్వెన కింద పెట్టేసి అద్దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టర్ సంగతి తెలుసుకుని గట్టిగా మందలించారు. అప్పటికప్పుడే పునరావాస విభాగానికి పంపారు. మాట నేర్పే ఆవిడ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఏం పని చేస్తారండీ?"

"సెలూన్ నడిపేవారండీ. ఇప్పుడింక మానేశారు," అంది భార్య.

"ఆయన్ని అడిగానమ్మా."

ఆయన రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. ఆవిడ నవ్వింది. "అయితే ముందు ఆ భుజం సంగతి చూద్దాం!"

చాలా వారాలు పట్టింది. గోడ మీద వేళ్లు పాకిస్తూ చేతిని కొద్దికొద్దిగా పైకి తెచ్చారు. గొంతులో చిన్న కవాటం అమర్చారు. మెడ మీది రంధ్రాన్ని బొటనవేలితో మూసి, గాలిని నోటివైపు మళ్లించడం నేర్పారు. మొదట్లో దగ్గూ బుడబుడ శబ్దాలే వచ్చేవి. ఆయన విసిగి లేచిపోతుంటే ఆవిడ మళ్లీ కూర్చోబెట్టేది.

చివరికి ఒకరోజు, భార్యా కొడుకూ పక్కన ఉండగా, ఆయన మెడకు వేలు ఆనించాడు. గరగరమంటూ మాట వచ్చింది.

"ఆపరేషన్... నాకా, మీకా?"

వేలు తీసి ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఆనించాడు.

"గొంతు పోయింది నాకు. మీరెందుకు... మాట్లాడరు?"

భార్య భోరుమంది. "మేం మాట్లాడితే మీరు బాధపడతారనుకున్నామండీ!"

"నేను మీకు... బరువైపోయాననుకున్నా."

కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని, "నాన్నా..." అన్నాడు. ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

ఆయన ఇప్పుడు రోజూ ఓ పూట సెలూన్‌లో ఉంటున్నాడు. వెంట్రుకలు పడకుండా మెడకు పలచని గుడ్డ కట్టుకుంటాడు. చిక్కల్లా ఒక్కటే. రెండు చేతుల్లో కత్తెరా దువ్వెనా ఉంటే, మెడ మీద పెట్టడానికి వేలు ఖాళీ ఉండదు. అందుకని కబురు మొదలుపెట్టాలంటే పని ఆపాలి, పని సాగాలంటే కబురు ఆపాలి. సగం కత్తిరించిన తలతో కూర్చున్నవాళ్లు, "ఊఁ, తర్వాతేమైంది?" అంటూ అద్దంలోంచి ఆయన వంకే చూస్తుంటారు. ఎవరూ తొందరపెట్టరు.

ఆపరేషన్ మనిషి ప్రాణాన్ని కాపాడుతుంది, ఆ మనిషిని తిరిగి నలుగురి మధ్యకు తెచ్చేది పునరావాస చికిత్స. మీ ఇంట్లో అలాంటివారుంటే ఆలస్యం చేయకుండా అక్కడికి తీసుకెళ్లండి. ఈలోగా, దయచేసి, వాళ్లతో మాట్లాడటం మానకండి.