కారణం: ఇంటిపని

ఆపరేషన్ థియేటర్ బయట తన కుడికాలి చెప్పు ఊడిపోయిన సంగతి సిస్టర్‌కి తెలియలేదు. నాలుగడుగులు వేశాక, స్ట్రెచర్ తోసే అతను వెనకనుంచి పిలిచాడు.

"సిస్టర్, మీ చెప్పు మీతో రానంటోంది!"

ఆమె కూడా నవ్వింది. వెనక్కి వచ్చి చెప్పు తొడుక్కోబోతే బొటనవేలు పైకి లేవలేదు. అప్పుడు ఆగిపోయింది నవ్వు.

వెన్నులో డిస్కు జారి నరాన్ని నొక్కితే ఇలాగే అవుతుందని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. పదకొండేళ్లుగా ఆమె పనిచేస్తున్నది వెన్ను డాక్టరు పక్కనే. రోగులు ఆయనకు పెట్టుకున్న పేరు చిల్లు డాక్టరు. నడుము బారెడు కోసి తెరవడాయన. వేలిగోరంత కోత పెట్టి, సన్నటి గొట్టం దింపి, జారిన ముక్కను అందులోంచే పట్టి లాగేస్తాడు. మర్నాడు రోగి తన కాళ్ల మీద తను ఇంటికి పోతాడు. గొట్టం సరైన చోట దిగిందో లేదో చూడటానికి మాత్రం మాటిమాటికీ ఎక్స్‌రే తీయాలి. ఆ కిరణాలు తగలకుండా లోపలున్న వాళ్లంతా సీసం పొరల ఆప్రాన్ వేసుకోవాలి. డాక్టరుది ఆయన కొలతకు చేయించినది, రెండు ముక్కలు, సగం బరువు నడుము పట్టీ మీద నిలుస్తుంది. సిస్టర్‌ది ఎవరో ఆరడుగుల మనిషి కోసం తెప్పించిన పాతది. దాని ఏడు కిలోల బరువూ భుజాల మీంచే వేలాడుతుంది. నాలుగు కేసులున్న రోజు ఆరేడు గంటలు దాన్ని మోస్తూ, పరికరాల ట్రే మీదికి వంగి నిలబడటమే.

స్కాన్ చూసి డాక్టరు పెదవి విరిచాడు.

"పెద్ద ముక్కే జారిందమ్మా. వారంలోపు తీసేయాలి. ఆలస్యం చేస్తే ఆ పాదం మళ్లీ లేవకపోవచ్చు. నేనే చేస్తాను, నీకేం భయం?"

"భయం కాదు సర్. ఫారం గురించి."

సిబ్బందికి ఆపరేషన్ చేయాలంటే ఆస్పత్రిలో ఒక ఫారం ఉంది. అందులో 'నొప్పికి కారణం' అని ఒక గీత. అక్కడ 'డ్యూటీ' అని పడితే, కోలుకున్నాక కూర్చుని చేసే పని ఇచ్చి తీరాలి. ఇంకేది పడినా ఆరు వారాల తర్వాత మళ్లీ అదే థియేటరు, అదే ఆప్రాన్. ఆమె ఫారంలో జూనియర్ డాక్టరు 'ఇంటిపని - నీళ్ల బకెట్ ఎత్తినప్పుడు' అని రాసేశాడు.

తప్పు తనదే. ఎప్పుడు మొదలైందని అతను అడిగితే, పోయిన నెల అత్తయ్యకి జ్వరమొచ్చి తను బకెట్ ఎత్తిన రోజు నడుం కలుక్కుమందని ఉన్నదున్నట్టు చెప్పింది. రోగులంతా చెప్పేది అదే కదా! తుమ్మాననీ, మంచం జరిపాననీ. ఏళ్ల తరబడి అరిగినదాన్ని వదిలేసి ఆఖరి రోజు తుమ్ము మీద పెడతారని తనూ డాక్టరూ ఎన్నిసార్లు నవ్వుకోలేదు!

"నువ్వు చెప్పిందే రాశాడు కదమ్మా," అన్నాడు డాక్టరు.

"కలుక్కుమన్నది అక్కడ సర్. అరిగింది ఇక్కడ. ఆ ఆప్రాన్ వల్ల."

"ఆప్రాన్ నేనూ వేసుకుంటున్నాగా? నాకేం కాలేదే!"

"ఓ నెల మీదీ నాదీ మార్చుకుని చూద్దామా సర్?"

ఆయన పడీపడీ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను ఆప్రాన్ అని రాస్తే, రేపు థియేటర్లో వాళ్లంతా నడుం పట్టుకుని నా గుమ్మంలో నిలబడతారు. అయినా నిన్ను రికార్డు రూములో కూర్చోబెడితే నా గతేం కాను? నీ చెయ్యి లేకపోతే నా చెయ్యి ఆడదమ్మా."

పదకొండేళ్లలో ఆయన నోటివెంట వచ్చిన మొదటి మెప్పు అది. అదీ ఆమె అడిగినదాన్ని కాదనడానికే పనికొచ్చింది.

ఇంట్లో ఆ ఫారం అత్తగారి కంటపడింది. కొడుకు లారీ ఎక్కితే పది రోజులకు గాని దిగడు. ఇంట్లో ఉండేది ఆడవాళ్లిద్దరే. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదివింది.

"ఇంటిపనా? ఎవరింట్లో పని?"

"నేను రాయలేదత్తయ్యా."

"నువ్వు ఈ ఇంట్లో చీపురు పట్టి ఎన్నేళ్లయిందే? నిలబడి నిలబడి వస్తుంది పాపం అని మంచినీళ్ల గ్లాసు కూడా చేతికే ఇస్తున్నాను. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు నేను మంచాన పడితే..."

"నాకు తెలియదా అత్తయ్యా?"

"నీకు తెలిస్తే చాలదు. చదివినవాళ్లు ఏమనుకుంటారు? కోడలితో గొడ్డుచాకిరీ చేయించిందనేగా? ఇదిగో, కింద నీ సంతకానికి చోటు వదిలారు. చెయ్యకు."

"చెయ్యనత్తయ్యా. ఒట్టు."

రెండు రోజులు ఒట్టు మీదే నిలబడింది. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్తే, కారణం మార్చాల్సింది డాక్టరే అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే, సంతకం లేనిదే టేబుల్ ఎక్కించలేనన్నాడు. మూడో రోజు ఆస్పత్రి మెట్ల మీద కుడిపాదం ఎక్కడ పడుతోందో తెలియక మోకాళ్ల మీద కూలబడింది. గోడ పట్టుకుని లేచి, ఆ గోడకే ఫారం ఆనించి సంతకం పెట్టేసింది.

ఆపరేషన్ నడుం దగ్గర మత్తు ఇచ్చి చేశారు, మెలకువగానే ఉంది. బోర్లా పడుకుని వింటోంది. డాక్టరు మూడో నంబరు గొట్టం అడిగాడు. కొత్త నర్సు ఏదో తీసిన చప్పుడైంది.

"అది రెండోది. దాని పక్కది ఇవ్వు," అంది సిస్టర్, తల కూడా ఎత్తకుండా.

అంతా గొల్లుమన్నారు. "చూశారా," అన్నాడు డాక్టరు మురిసిపోతూ, "వెన్నులో గొట్టం దిగినా మా సిస్టర్ డ్యూటీ మానదు!"

నోటికి ఎంత తేలిగ్గా వచ్చింది 'డ్యూటీ' అన్న మాట! కాగితం దగ్గరే ఆయనకు చెయ్యి రాలేదు.

పని మాత్రం అద్భుతంగా చేశాడు. సాయంత్రానికి కాలిలో నిప్పులు చల్లారాయి. బొటనవేలు కదిలింది. డాక్టరు వచ్చి, "నొప్పి ఉందా?" అన్నాడు. "లేదు సర్. మీరు చల్లగా ఉండాలి," అందామె. అది మనస్ఫూర్తిగానే అంది. అందుకే ఆ రాత్రి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో విశ్రాంతి జాగ్రత్తలతో పాటు ఫారం నకలు కూడా ఉంది, సెలవు అయిపోగానే థియేటర్ డ్యూటీలో చేరాలన్న ఉత్తర్వు కూడా ఉంది. అత్తగారు అన్నీ చదివి, మడతపెట్టి బీరువాలో పెట్టింది. వేళకి అన్నం, వేళకి మందులు, నడుం కింద దిండు. ఏదీ లోటు చేయలేదు. మాట్లాడటం ఒక్కటే మానేసింది.

నాలుగో రోజు పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. నడుం మీద చిన్న ప్లాస్టరు చూసి, "ఇంతేనా!" అని బుగ్గలు నొక్కుకుంది. "అసలు ఎందుకొచ్చిందమ్మా ఇది?"

సిస్టర్ నోరు తెరిచేలోపు అత్తగారు అందుకుంది.

"మా ఇంట్లో చాకిరీ ఎక్కువైపోయిందమ్మా. నడుం విరిగేదాకా చేయించాను. నా మాట కాదు, సంతకం పెట్టి మరీ చెప్పింది."

"అత్తయ్యా, అది కాదు..." సిస్టర్ మోచేతుల మీద లేవబోయింది.

"లేవకు," అంది అత్తగారు. "కాగితంలో అదీ రాశారు."

ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుంది.