దొర నేర్పిన మాట

"మతి లేనిదని సెప్పేస్తే సరిపోద్దత్తా. ముసలోళ్ళని ఒగ్గేస్తారు," అంది రత్నావతి మళ్ళీ.

"నాకు మతుంది. నానేటన్నానో అదే సెప్పమను నీ మొగుణ్ణి," అంది దేవుడమ్మ. పొద్దుట్నుంచి ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"అదే సెప్తే ఓడెక్కించి ఇండియా తోలేస్తారు. అక్కడెవరున్నారు నీకు?"

రత్నావతి మొగుడు, దేవుడమ్మ పెద్దకొడుకు కాంతయ్య గుమ్మంలో కూర్చుని వింటున్నాడు.

తెల్లదొరల మీద తిరగబడి అడవిలో దాగినవాళ్ళకు తిండి అందకూడదని రబ్బరు తోట చుట్టూ కంచె వేశారు. పిడికెడు అన్నం కూడా గేటు దాటకూడదు. ఆ ఆజ్ఞను కూలీలకు తెలుగులో, అరవంలో వినిపించింది తోట గుమాస్తా కాంతయ్యే. "వాళ్ళను క్లెమ్ చేస్తాం," అన్నాడు కొత్త దొర. ఆ మాటేమిటని తర్వాత అడిగితే, దొర సంబరపడి చెప్పాడు. ఉత్తర ఇంగ్లండులో బొగ్గుగనుల వాళ్ళ మాట. కడుపు మాడ్చడం. పూర్వం బిగించి నొక్కడమని అర్థమట. ఆకలికి పేగులు అలాగే నొక్కుకుపోతాయి గదా. కొన్ని ఊళ్ళలో దాహానికీ అదే మాట. గని మూతపడ్డప్పుడు పిల్లలంతా క్లెమ్ అయిపోయారని దొరగారి అమ్మమ్మ ఏడ్చేదట.

ఈ ఉదయం, పోయిన చిన్నకొడుకు అప్పడికి ఏటేటా అన్నం పెట్టే రోజని, దేవుడమ్మ కొంగున అన్నం ముద్ద కట్టుకుని కంచె అవతలి సమాధికి బయల్దేరింది. గేటు దగ్గర పోలీసులు పట్టుకున్నారు. దొర, ఇన్‌స్పెక్టరు వచ్చి ఎవరికని అడిగితే, "నా కొడుకు ఆకలితో సూస్తన్నాడు," అంది. పెట్టే రోజున పోయినవాణ్ణి పోయాడనరు వాళ్ళింట్లో. కాంతయ్య దాన్ని ఇంగ్లీషులో చెబుతూ, దొర మెచ్చుకుంటాడని కొత్తగా నేర్చిన మాటే వాడాడు: ఈమె కొడుకు క్లెమ్ అయ్యాడట. దొర నవ్వలేదు. ఆ తోటలో ఆ మాట అడవివాళ్ళకే వాడేవాడు; ఈమె కొడుకూ అడవిలో ఉన్నాడనుకున్నాడు. తమ్ముడు చచ్చిపోయాడని కాంతయ్య ఎంత మొత్తుకున్నా, పోలీసు ఇన్‌స్పెక్టరు రాసుకున్నది కొట్టెయ్యలేదు. రేపు సుంగై సిపుట్ ఊరి ఠాణాలో విచారణ; అందాకా ఆమెను ఇల్లు కదలొద్దన్నారు. ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పాల్సిన దుబాసీ కాంతయ్యే.

"ఆ దొర అమ్మమ్మ ఆకలి పడ్డాదేటి?" అంది దేవుడమ్మ.

"పడ్డాదట."

"అయితే ఎరిగే సేస్తన్నాడు."

పిల్లలు కంచాల ముందు కదలకుండా కూర్చున్నారు. రత్నావతి అన్నం వడ్డించబోయి ఆగింది.

"రేపు నాను దుబాసీగా నిలబడను," అన్నాడు కాంతయ్య మెల్లగా, అందరికీ వినబడేలా. "ఈపో పట్నం నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకోమంటాను. అమ్మ పక్కన కొడుకుగా నిలబడి, అమ్మన్న మాటే తెలుగులో సెప్తాను. దొరకెదురెళ్తే ఈ ఉద్యోగం ఉండదు, తోటోళ్ళిచ్చిన ఇల్లూ ఉండదు. మీరు తినేసి సామాను కట్టండి."