ఏడాదికి ఏడు రోజులు

"మేడమ్, రవికాంత్ సార్ ఉన్నారా?"

హాలిడే క్లబ్బు వాళ్ళ ఫోను. గోంగూర ఒలుస్తున్న రత్నమాల తలెత్తి చూసింది. సోఫాలో ఉన్న రవికాంత్ లేనని చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. "బయటికి వెళ్ళారండీ," అంది. మొగుడి కోసం ఈ నెలలో ఆమె ఆడిన నాలుగో అబద్ధం అది.

రెసిషన్ దెబ్బకి అతని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే రత్నమాల జీతంతోనే అద్దె, బియ్యం, అత్తగారి మందులు. వాటి పైన ఈ క్లబ్బులో ఏటా ఒక వారం విహారానికి ఇరవై అయిదేళ్ళ సభ్యత్వం, దానికి ఏటేటా పెరిగే రుసుము. వదిలేద్దామంటే, "అన్నయ్య ముందు తలెత్తుకోగలనా?" అంటాడు.

మూడేళ్ళ కిందట పంజాగుట్టలో ఒక హోటల్లో ఉచితంగా భోజనం పెట్టి దీన్ని అంటగట్టారు. ఆ రోజు అతని జీతం కాగితాలు ఇంట్లో ఉండిపోయి, ఆమెవే చూపించారు. "సభ్యత్వంలో మొదటి పేరు నీదే, మహారాణీ!" అని నవ్వాడు. ఆ మహారాణి కుక్కరూ కందిపప్పూ ఆవకాయా మూట కట్టుకుని ఊటీ వెళ్ళింది. గదిలో గ్యాసు పొయ్యి చూసి అత్తగారు స్వరాజ్యం మురిసిపోయింది: "హోటలు తిండి బాధ తప్పిందే!" మున్నార్‌లోనూ అంతే, గోవాలోనూ అంతే. వాళ్ళు టాక్సీ ఎక్కేవాళ్ళు, తిరిగొచ్చేసరికి చపాతీలు వేడిగా ఉండాలి. ఆ వారం ఎవరిదని తనెందుకు ఒక్కసారీ అడగలేదు? అడిగితే ఏమంటారోనన్న భయమా, అడగాలనే తోచలేదా? రెండోదే నిజమని తోచి ఆమెకి సిగ్గేసింది.

మర్నాడు పొద్దుటి క్లాసు కాగానే పంజాగుట్టలోని క్లబ్బు ఆఫీసుకి వెళ్ళింది. కౌంటర్‌లో ఉన్న గజాలా అనే అమ్మాయితో సభ్యత్వం రద్దు చేసుకుంటానంది.

"సార్‌ను సుత తీసుకొస్తే మంచిగుంటది మేడమ్."

"మొదటి పేరు నాది. ఎవరి సంతకం కావాలి?"

గజాలా కంప్యూటర్‌లో చూసి, "మీదొక్కటే చాలు. గానీ కట్టిన పైసలు వాపస్ రావు. జర ఆలోచించుకోండి," అంది.

"అవి ఎప్పుడో పోయాయమ్మా. ఇకమీద పోయేవాటి కోసం వచ్చాను." ఎక్కడా ఆగకుండా నాలుగు చోట్లా సంతకం పెట్టింది.

ఇంటికి రాగానే చెప్పింది. రవికాంత్ మొహం ఎర్రబడింది.

"నన్నొక్క మాట అడగక్కర్లేదా?"

"నాలుగు నెలలుగా అడుగుతూనే ఉన్నానండీ. సోమవారం నుంచి సాయంత్రం క్లాసు కూడా తీసుకుంటున్నాను. వంట మీరు చెయ్యండి."

స్వరాజ్యం నొచ్చుకుంటూ, "ఏడాదికోసారి నీకూ కాస్త విశ్రాంతిగా ఉండేది కదమ్మా!" అంది.

రత్నమాల గొంతు పెంచలేదు.

"అత్తయ్యగారూ, ఊటీలో సరస్సు ఏ వైపు ఉందో నాకింతవరకూ తెలియదు."