గీకిన ఇనుము, పడమటి మబ్బు

గీకిన ఇనుముకు ఒక వాసన ఉంటుంది.

పాత నాణెం నాలుక మీద పెట్టుకున్నట్టు... చల్లగా, కొంచెం చేదుగా. ఎండ ఎక్కేకొద్దీ ఆ వాసన షెడ్డంతా నిండుతుంది. తలుపు తీస్తే రోడ్డు దాకా వస్తుంది. సోమందేపల్లె హైవే పక్కన టీ తాగే లారీ డ్రైవర్లు ముక్కు ఎగబీల్చి ఇటు చూస్తారు.

వాళ్లకు అది వాసన.

నాకు భయం.

షెడ్డు మధ్యలో నాలుగు దుంగల మీద ఒక కారు ఉంది. చక్రాలు లేవు. అద్దాలు లేవు. రంగు లేదు. తోలు ఒలిచిన మేకలా తెల్లగా, నగ్నంగా మెరుస్తున్న రేకు.

పడమట, మడకశిర కొండల మీద — మబ్బు.

ఊరంతా ఆ మబ్బును చూసి రా, రా అంటోంది. నేను మాత్రం పో, పో అంటున్నాను. లోపలే అంటున్నాను. పైకి అనేంత ధైర్యం నాకెక్కడిది?

రెండువేల రెండు, శ్రావణమాసం. ఆ నెలలో అనంతపురం జిల్లా మొత్తంలో వాన వద్దనుకున్న మనిషి ఒక్కడే ఉండి ఉంటాడు. వాడు పుట్టింది రైతు ఇంట్లోనే.

కారు శ్రీరంగప్ప గారిది. బెంగళూరులో పెద్ద కాంట్రాక్టరు. పుట్టింది మాత్రం మా పక్క ఊళ్లోనే. పేరు ప్లిమత్ బారకూడా. కారు పేరు, ఆయనది కాదు. పంతొమ్మిది వందల డెబ్బైలో అమెరికాలో తయారైంది. పొడుగు ముక్కు, పొట్టి వీపు, లోపల లారీకి పెట్టాల్సినంత ఇంజను. ఇంజను బయటికి తీయకముందు ఒక్కసారి స్టార్టు చేసి వినిపించారు. షెడ్డు కప్పు రేకులు వణికాయి. నేనూ వణికాను. ఇటువంటివి అమెరికాలోనే చాలా తక్కువ మిగిలాయట.

ఎవరో దొరబాబు ఓడలో తెప్పించుకున్నాడట. తర్వాత చేతులు మారింది, ఊళ్లు మారింది, రంగులు మారింది. చివరికి ఏదో గోడౌనులో కోళ్లకు గూడై ఇరవై ఏళ్లు నిలబడింది.

"బెంగళూరులో పెడితే తుప్పు తింటాది. మీ కరువే నా కారుకు మందప్పా," అన్నారు శ్రీరంగప్ప గారు, లారీ మీంచి దింపుతూ.

నవ్వాను. ఏం చేయను? నిజమే అన్నారు. ఇక్కడ వదిలేసిన ఇనుము పదేళ్లకైనా అట్లే ఉంటుంది. మనుషులకు లేని అదృష్టం.

ఆయన కోరిక ఒక్కటే. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎట్లుందో అట్లే కావాలి. అంతకన్నా బాగు చేయకూడదు. మెరుగు పెట్టకూడదు. లప్పం పూయకూడదు. ఎడమ తలుపు మూలలో, పై రంగుల అడుగున, అసలు రంగు కన్నీటి చారలా జారి గట్టిపడి ఉబ్బెత్తుగా ఉంది. ముప్పై రెండేళ్ల కింద ఏ అమెరికా కూలివాడో తొందరలో చేసిన తప్పు.

"ఆ తప్పు కూడా ఉండాల, జయచంద్రా."

నా తప్పులకు తిట్లు. వాడి తప్పుకు పూజ. సరే, మళ్లీ అట్లే చేయడానికి కొలత రాసుకున్నాను, ఫొటో తీసుకున్నాను.

గీకడం మొదలుపెట్టాను.

నలుపు పోయింది. తెలుపు వచ్చింది. తెలుపు పోయింది. నీలం వచ్చింది. నీలం కింద ఎరుపు. ఎరుపు కింద, అన్నిటికన్నా అడుగున — నేరేడు పండు రంగు. దాని పుట్టు రంగు. చూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ రంగు కోసమే ఆయన ఇన్నేళ్లు వెతికారని అప్పుడు అర్థమైంది. అదీ పోయింది. చివరికి రేకు మిగిలింది.

తప్పు చేసింది నేను అక్కడే.

పని పద్ధతి నాకు తెలియక కాదు. ఒక తలుపు గీకాలి, వెంటనే ప్రైమరు పూత కొట్టాలి. తర్వాత ఇంకో తలుపు. గీకిన ఇనుమును ఒక్క పూట కూడా ఉత్తగా ఉంచకూడదు. గాలిలో చెమ్మ తగిలితే చాలు, తెల్లారేసరికి ఎర్రబడుతుంది. కానీ వాన మొహం చూసి అప్పటికి ఇరవై రోజులు. ఆకాశం ఖాళీ. శ్రీరంగప్ప గారు చెప్పిన ప్రైమరు అమెరికా నుంచి వారంలో వస్తుందన్నారు. వారమే కదా అనుకున్నాను. ఈ ఊళ్లో వారంలో వాన పడేదేమిటి అనుకున్నాను.

కారు మొత్తం ఒకేసారి గీకేశాను.

ప్రైమరు రాలేదు. ఇవాళ, రేపు, ఓడ ఎక్కింది, ఓడ దిగింది... మూడు వారాలు.

మా ఊళ్లో దొరికే రెడ్ ఆక్సైడు ప్రైమరు కొడతాను సార్ అని బతిమాలాను. "ఎర్రది ఒక్క చుక్క పడినా అది నా కారు కాదు," అన్నారు. పోనీ నూనె పూస్తాను అన్నాను. తర్వాత రంగు పట్టదు, వద్దు అన్నారు.

ముప్పై రెండేళ్ల రేకు. ఐదు రంగులు ఒలిచాక కాగితమంత మందం మిగిలింది. తుప్పు పడితే మళ్లీ గీకాలి. మళ్లీ గీకితే చిల్లి పడుతుంది. చిల్లి పడితే కొత్త రేకు అతకాలి. అతికిన కారు ఫ్యాక్టరీది కాదు. అది ఏ షెడ్డులోనైనా దొరుకుతుంది.

నా చేతికి జన్మలో ఇటువంటి పని మళ్లీ రాదు. ఇది పోగొట్టినవాడికి ఏ పనీ రాదు.

అందుకే మబ్బు కనిపిస్తే చాలు, పని ఆపి పాత దుప్పట్లు వెతికేవాడిని.

షెడ్డులో తొట్టి ఖాళీ చేశాను. కుండ బయట పెట్టాను. తడి చేతులతో లోపలికి వచ్చేవాడిని కాదు. రోజూ నాలుగు గంటలకు ఫోను మోగేది.

"వాన?"

"రాలేదు సార్."

"మంచిది."

ఆ మంచిది అన్న మాట విన్నప్పుడల్లా మా అన్న మొహం కనిపించేది.

మా అన్న కదిరప్ప. నాయన పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, వాడికి పద్దెనిమిది. నన్ను హిందూపురంలో లారీ బాడీ షెడ్డులో పనికి పెట్టింది వాడే. ఈ రోజుకూ నేను తినే ముద్ద మా వదిన మారెమ్మ పంపేదే. మా ఇద్దరికీ కలిపి నాలుగెకరాల చేను. జ్యేష్ఠం చివర ఒక్క పదును వాన పడింది. అన్న గొర్రు కట్టాడు. వేరుశనగ వేశాడు.

అన్న వానను నమ్మి విత్తనం వేశాడు.

నేను కరువును నమ్మి కారు గీకాను.

ఒక ఇంట్లో ఇద్దరం. ఎవరో ఒకరు మునగాల్సిందే. ఈ లెక్క నాకు తెలుసు. అన్నకు తెలుసో లేదో తెలియదు. అదీ భయమే.

చేను చూసుకుని సాయంత్రం షెడ్డుకు వచ్చేవాడు. గడప దాటేవాడు కాదు. నా పని పాడవుతుందని. ఒకరోజు ఒక వేరుశనగ చెట్టు పీక్కొచ్చి చూపించాడు. కొమ్మల నుంచి సన్నటి ఊడలు కిందికి వేలాడుతున్నాయి. వాటి కొసలు నల్లగా ఎండి ఉన్నాయి.

"ఊడలు దిగే టైమురా చంద్రా. నేల రాయి మాదిరి ఉండాది. యాడ దిగుతాయి? కాయ పట్టేది మట్టిలో కదా... దిగలేక పైనే మాడతాండాయి."

"పడుతుందిలే అన్నా."

"ఒక్క పదును చాలు. ఒక్కటే."

ఆకాశం చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం ఒకే మబ్బును చూశాం. వాడు ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. నేను ఏం అడుగుతున్నానో వాడు అడగలేదు.

మబ్బు కరిగిపోయింది.

నా గుండె తేలికైంది. తేలికైనందుకు అన్న వైపు చూడలేకపోయాను.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆడవాళ్లు కప్పను మోసుకొచ్చారు.

రోకలికి వేపమండలు కడతారు. మధ్యలో తడిగుడ్డలో కప్పను ఉంచుతారు. చెరో కొస భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి గడపలో ఒక చెంబు నీళ్లు కప్ప మీద పోయాలి. పోసినవాళ్లు వాన అడిగినట్టు. ఎంత కరువొచ్చినా, బిందె అడుగున గుక్కెడే ఉన్నా, ఆ నీళ్లు పోయనివాళ్లు మా ఊళ్లో లేరు.

పాట దూరం నుంచి వినిపించింది. టీ అంగడి దగ్గర ఆగింది. నీళ్ల చప్పుడు. సైకిల్ షాపు దగ్గర ఆగింది. నీళ్ల చప్పుడు. నవ్వులు.

ముందు కొస మోస్తున్నది మా వదిన.

నేను తలుపు మూశాను. లోపల గొళ్లెం పెట్టాను. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

ఇది పిచ్చి అని నాకు తెలుసు. కప్ప మీద నీళ్లు పోస్తే మబ్బు ఎందుకు కురుస్తుంది? ఇంజన్లు విప్పి బిగించేవాడిని, ఆ మాత్రం తెలియదా? తెలుసు. అయినా చెంబు పట్టుకోలేకపోయాను. పోస్తే వాన వస్తుందేమోనని... నిజంగా వస్తుందేమోనని.

పాట నా తలుపు ముందు ఆగింది.

"జయచంద్రా, ఒక చెంబు నీళ్లు," వదిన గొంతు.

ఊపిరి బిగబట్టాను.

"యాడికో పోయినాడేమోలే అక్కా," ఇంకెవరో.

గుడ్డలోంచి నీటి చుక్కలు మట్టిలో పడుతున్నాయి. ఆ చప్పుడు కూడా వినిపించింది.

"బయట తాళం లేదు," అంది వదిన.

అంతే అంది. మళ్లీ పిలవలేదు. పాట ముందుకు కదిలింది. ఈసారి అందులో వదిన గొంతు లేదు.

ఆ సాయంత్రం మబ్బు మా నడినెత్తి దాకా వచ్చింది. నల్లగా, గేదె పొట్టలా కిందికి దిగింది. ఒక్క ఉరుము ఉరిమింది. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి నిలబడింది. నేను షెడ్డులో కారు పక్కన, పాత దుప్పట్లు చేతిలో పట్టుకుని.

గాలి లేచింది. మబ్బు చీలిపోయింది. ఎవరో పెద్దగా ఏడ్చారు.

నీళ్లు పోయక నేనే చేశాను ఇది. నవ్వు వస్తుంది కదా? నాకు రాలేదు.

మర్నాటి నుంచి అన్న షెడ్డుకు రాలేదు.

క్యారియరు వచ్చేది. వదినే తెచ్చేది. గడప మీద పెట్టి వెళ్లిపోయేది. నా మొహం చూసేది కాదు. ఆ ముద్ద తినాలనిపించేది కాదు. పారేయడానికి చెయ్యి రాలేదు. కళ్లు మూసుకుని మింగేవాడిని.

నాలుగు రోజులు. నాలుగు ఫోన్లు. వాన? రాలేదు సార్. మంచిది.

కోపంతో వచ్చి కొట్టినా బాగుండేది. కొట్టే అన్నకు నేను భయపడను. రాని అన్నకు భయం వేసింది. చేను గట్టున ఒక్కడే ఏం చేస్తున్నాడో, ఏం ఆలోచిస్తున్నాడో... ఆ ఏడాది చేనికి ఒక్కరే పోయి తిరిగి రానివాళ్ల పేర్లు మాకు చాలా తెలుసు.

ఐదో రోజు పొద్దు వాలుతుండగా వచ్చారు.

పాట లేదు. గుంపు లేదు. ముందు వదిన, వెనక అన్న. ఇద్దరి భుజాల మీద రోకలి. ఆడవాళ్లు మోసే రోకలిని మగవాడు మోయడం మా ఊళ్లో నేను ఎప్పుడూ చూడలేదు. అన్న ఇంకో చేతిలో నిండు బిందె.

నేరుగా లోపలికి వచ్చారు. మొదటిసారి గడప దాటాడు అన్న.

"నీళ్లు మేమే తెచ్చినాము," అన్నాడు. "నువ్వు పోస్తే చాలు."

"అన్నా, నేను..."

"తెలుసులే. మీ వదిన చెప్పినాది. చెప్పకపోయినా తెలుసు."

బిందె కింద పెట్టాడు. చిక్కిపోయాడు. మెడ ఎముకలు బయటపడ్డాయి.

"నీ పని ఏమైతాదో నాకు తెలీదనుకున్యావా? నేను పెట్టిన పనే కదరా అది," అన్నాడు. "వాన రావాల్నో వద్దో నా చేతిలో లేదు, నీ చేతిలో లేదు. కానీ మన ఇంట్లో ఒకడు వద్దని నిలబడినాడంటే... నాకు నిద్ర పట్టకుండా ఉండాది చంద్రా. చేను పోయినా బతుకుతా. ఇది ఓర్చుకోలేకున్యా."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బిందె ఎత్తాను. బరువుగా ఉంది. ఎక్కడి నుంచి ఇన్ని నీళ్లు తెచ్చారో అడగలేదు.

కప్ప వేపాకుల మధ్య ఎండిన తోలులా ఉంది. గొంతు కింద ఒక్కచోట మాత్రం కదులుతోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఉత్తగా పోస్తే లాభం లేదు. అడిగి పోయాలి. మనసులో అడగాలి. నా చేతులతో ఒలిచిన ఆ రేకు పక్కనే నిలబడి, ఎర్రబడి పోయినా సరే రమ్మని అడగాలి.

రా అన్నాను.

మొదటిసారి మాట రాలేదు. రెండోసారి వచ్చింది.

మొత్తం పోశాను. కప్ప కాళ్లు కొట్టుకుంది. నీళ్లు రోకలి మీంచి జారి అన్న భుజం మీద, మోచేయి మీద, అరచేతిలో పడ్డాయి. నేల మీద పారి దుంగల కిందికి పోయాయి.

అన్న తూలాడు. పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండడు. పడకుండా చెయ్యి చాచాడు.

బానెట్ మీద ఆనించాడు.

తడి చెయ్యి. గీకిన రేకు. ఐదు వేళ్లూ పూర్తిగా ఆనాయి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు సన్నగా కిందికి జారుతున్నాయి. రేపటికి అక్కడ ఏముంటుందో నాకు తెలుసు. తుడిచే గుడ్డ నా భుజం మీదే ఉంది.

తీయన్నా అని నాలుక చివరికి వచ్చింది.

అనలేదు.

బయట గాలి తిరిగింది. పడమటి గాలి. తడిదో పొడిదో తెలియలేదు. వదిన రోకలి దించి గుమ్మం దాకా వెళ్లి ఆకాశం చూస్తోంది.

"వస్తాదంటావా?" అన్నాడు అన్న.

"భయంగా ఉందన్నా."

"నాకూ భయమేరా," అన్నాడు.

చెయ్యి తీయలేదు.