పొడి పనిచెయ్యలేదు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, మోకాళ్ల నొప్పుల పరిశోధన ట్రస్టు ఆఫీసు ఉంది. ఉన్నవి రెండే గదులు. దాన్ని పెట్టింది డాక్టర్ పట్టాభి. ముప్పై ఏళ్లు ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక, భీమవరం దగ్గర తన వాటాకు వచ్చిన పొలం అమ్మి మొదలుపెట్టాడు. లెక్కలు చూసేది స్వప్న. నల్గొండ వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవర్ కూతురు. బీకాం అయిన దగ్గర్నుంచీ ఆరేళ్లుగా అక్కడే ఉంది. రసీదు లేకపోతే డాక్టరుకైనా టీ డబ్బులివ్వదని ఆమెకు పేరు.

ట్రస్టుకు వచ్చే విరాళాలు చాలావరకు చిన్నవే. ఎల్బీ నగర్ చౌరస్తాలో పూలమ్మే అండాలమ్మ లాంటివాళ్లు నెలనెలా వంద రూపాయలు తెచ్చిచ్చేవారు. ఆ డబ్బుతోనే ట్రస్టు ఒక పరీక్ష పెట్టుకుంది. ఏ మందుల షాపులో చూసినా ఆకుపచ్చ డబ్బాలో ఒక పొడి అమ్ముతారు. నెలకు సరిపడే డబ్బా ఎనిమిది వందల యాభై. మోకాళ్ల నొప్పి తగ్గుతుందని జనం నమ్మి కొంటారు. అది నిజంగా పనిచేస్తుందా లేదా తేల్చాలి. నూట ఎనభై నలుగురిని తీసుకుని సగం మందికి ఆ పొడి, సగం మందికి అదే రంగు, అదే రుచి ఉండే ఉత్త పిండి ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చేవాళ్లకూ తెలియదు, తాగేవాళ్లకూ తెలియదు. రెండేళ్లు పట్టింది. పద్నాలుగు లక్షల అరవై వేలు ఖర్చయింది.

ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది. పొడి తాగినవాళ్లకు నొప్పి ఎంత తగ్గిందో పిండి తాగినవాళ్లకూ అంతే తగ్గింది.

పట్టాభి ఆ కాగితాలు రెండుసార్లు చదివి స్వప్నను పిలిచాడు. దాతల మీటింగుకు ఇంకా పది రోజులుంది.

"చూడమ్మా, పరిశోధన ఇంకా జరుగుతోందని రాసెయ్యి. వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూసుకుందాం."

"జరుగుతలేదు కద సార్. అయిపోయింది."

"చక్రపాణిగారు ఈసారి పది లక్షలిస్తానన్నారు. ఆ టైల్స్ షాపాయన, నీకు తెలుసుగా. ఇంత ఖర్చుపెట్టి ఏమీ తేల్లేదంటే ఆయనేమనుకుంటారు?"

"తేలింది సార్. పనిచెయ్యదని తేలింది." స్వప్న గొంతు పెంచలేదు. "ఏ బిల్లు అడిగినా చూపెడ్త. కానీ ఫలితం దాచి బిల్లులు చూపెడితే ఏం లాభం? వాళ్లు పైసలిచ్చిందే గది తెల్సుకునేటందుకు. నేనైతే ఉన్నదే రాస్త. మార్చాలంటే వేరేవాళ్లతోని రాయించుకోండి."

పట్టాభి టేబుల్ సొరుగు లాగి ఆకుపచ్చ డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు.

"నాలుగేళ్లుగా నేనూ ఇదే తాగుతున్నానమ్మా. నాకు తగ్గిందనే ఈ పరీక్ష పెట్టాను. డాక్టర్ని అయ్యుండి ఇప్పుడు అందరి ముందూ నిలబడి..."

స్వప్నకు ఆయన మీద జాలి కలిగింది. అయినా తన మాట మీదే నిలబడింది.

"అయితే గదే చెప్పండి సార్. అందరు వింటరు."

ఆదివారం పొద్దున ఎల్బీ నగర్ కమ్యూనిటీ హాల్లో ఎనభై మంది దాకా చేరారు. రిపోర్టు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉంది: పొడి పనిచెయ్యలేదు. కింద ఖర్చు వివరం. పట్టాభి మైకు పట్టుకుని డబ్బా సంగతితో సహా అంతా చెప్పాడు.

చక్రపాణి లేచాడు. "అంటే మా డబ్బులు గంగలో పోసినట్టేనా డాక్టరుగారూ?"

పట్టాభి జవాబిచ్చేలోపే వెనక వరసలోంచి అండాలమ్మ లేచి నిలబడింది. ఆ పరీక్షలో ఆమె కూడా ఉంది.

"సారూ, నాకిచ్చింది పొడా, పిండా?"

స్వప్న లిస్టు తీసింది. "దగ్గరికి రా పెద్దమ్మా, చెవుల చెప్త."

"గట్టిగనే చెప్పు బిడ్డా. దాసేదేముంది?"

"పిండి."

హాలంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ అండాలమ్మే నవ్వింది.

"మరి నాకు మంచిగనే అయింది కద! వారం వారం పిలిచి నడిపిచ్చిన్రు, మంచీ చెడూ అడిగిన్రు. గందుకేనేమో." తర్వాత చక్రపాణి వైపు తిరిగింది. "అయ్యా, మా చెల్లె చౌటుప్పల్ల నాలుగిండ్లల్ల పనిచేస్తది. నెలనెలా గీ డబ్బా కొంటది. ఇయ్యాల్నే ఫోన్ చేసి బంద్ చెయ్యమంట. నేనిచ్చిన వంద రూపాయలకు ఇంకేం గావాలె?"

పట్టాభికి ఏం తోచిందో, ఈ పొడి ఎవరెవరి ఇళ్లలో వాడుతున్నారో చేతులెత్తమన్నాడు. ముందు తన చెయ్యే ఎత్తాడు. ఆయనతో కలిపి ముప్పై ఒకటి. స్వప్న అక్కడికక్కడే లెక్కకట్టి మైకులో చెప్పింది.

"నెలకు ఇరవై ఆరు వేల మూడొందల యాభై. గీ హాల్ల ఉన్నోళ్లయే."

చక్రపాణి చెక్కు ఇవ్వలేదు. మంగళవారం ఆఫీసుకు వచ్చి పరీక్ష ఖర్చు ఫైళ్లన్నీ చూపించమన్నాడు. మూడు గంటలు కూర్చుని ఒక్కో బిల్లూ తిరగేశాడు. స్వప్న అడిగినవన్నీ తీసి ముందు పెట్టింది. లేచేటప్పుడు నాలుగు లక్షలకు చెక్కు రాశాడు.

"మిగతాది వచ్చే రిపోర్టు చూశాక. అది కూడా మీరే రాస్తారుగా?"

"నేనే రాస్త సార్."

పదకొండు మంది దాతలు మానుకున్నారు. వాళ్ల పేర్లూ రిజిస్టర్లో రాసుకుంది స్వప్న. జూన్‌లో రెండో పరీక్షకు ఏర్పాట్లు మొదలయ్యాయి. ఈసారి మందు లేదు, రోజూ చేసే కాలి వ్యాయామాలే. పరీక్షలో పాల్గొన్నవాళ్ల తరఫున కమిటీలో ఒకరుండాలని పట్టాభి అన్నాడు. అందరూ అండాలమ్మ పేరే చెప్పారు.

మొదటి మీటింగులో ఆమె ఖర్చుల కాగితం చదివించుకుని వింది.

"దూరంకెల్లి ఒచ్చేటోళ్లకు బస్సు కిరాయి రాసిన్రు, మంచిదే. ఆ రోజు కూలి పోతది కద? గదేడ రాసిన్రు?"

పట్టాభి స్వప్న వైపు చూశాడు. ఆమె అప్పటికే పెన్ను తీసింది.

"ఎంత రాద్దాం పెద్దమ్మా?" అని అడిగింది.