నీళ్లు తాగే బండి

కారే బండిలో ఒక నిజాయితీ ఉంటుంది. నిలిచిన చోట, నేల మీద, తన రోగమేమిటో తానే చెప్పి వెళుతుంది. నిస్సి కారుకు ఆ గుణం లేదు. వారం తిరగకుండానే రేడియేటరులో నీళ్లు తగ్గేవి. ఇంజిను వేడెక్కి ముల్లు ఎర్రగీత వైపు లేచేది. నేల మీద మాత్రం ఒక్క బొట్టు పడేది కాదు.

మెదక్‌లో రామాయంపేట రోడ్డు పక్కన ఉన్న గాలయ్య మెకానిక్ షెడ్డుకు ఆ పాత తెల్ల కారు మళ్లీ వచ్చింది. ఆ ఉదయం గాలయ్య మోకాళ్ల మీద వంగి, రాత్రంతా దాని కింద పరిచి ఉంచిన అట్టను బయటికి లాగాడు. పొడిగా ఉంది. వేలితో రుద్ది చూశాడు. దుమ్ము తప్ప మరేమీ అంటలేదు.

"ఏమన్న చెప్పిందా గాలన్నా?" పక్కన చాయ హోటలు నడిపే బక్కయ్య గ్లాసు పట్టుకొని వచ్చాడు.

"ఏం చెప్పలె."

"కారుతలేదంటే తాగుతున్నదన్నట్టే. నువ్వు నా కాడ చాయ తాగినట్టు. ఎటు పోతదో తెల్వది, గ్లాస్ మాత్రం ఖాళీ."

గాలయ్య నవ్వలేదు. ఆ మాట ఎవరో ఒకరు అంటారని అతడు నిన్నటి నుంచి భయపడుతూనే ఉన్నాడు. బయట తడి లేకుండా నీళ్లు తగ్గితే బండి నీళ్లు తాగుతున్నదనడం మెకానిక్కుల వాడుక. గాస్కెట్ పోయి, నీళ్లు ఇంజిను కడుపులోకి దిగి ఆవిరైపోతున్నాయని దాని అర్థం. ఆ మాట అన్నాక వెతకడం ఆగిపోతుంది. ఇంజిను విప్పడమొక్కటే మిగులుతుంది.

ఇంజిను విప్పవలసి వస్తే కారు ఉంచుకోనని నిస్సి ముందే చెప్పింది. ఆమె నర్సాపూర్‌లో టీచరు. రోజూ అడవి దారిలో ఒక్కతే నడుపుకుంటూ వెళ్లి వస్తుంది.

"నాకు మాత్రం ఇష్టమా కాకా?" అన్నది నిన్న తాళంచెవి ఇస్తూ. "మొన్న అడవి నడుమల ఆగింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు, మనిషి లేడు. ఇంట్ల శశిధర్ మస్తు పరేషాన్ అయిండు. ఒకాయనతోని మాట్లాడిండు, రేపు సాయంత్రం వస్తడంట. తుక్కు కిందనే తీస్కపోతడు. నువ్వు గాస్కెట్ కాదంటే చాలు, ఉంచుకుంట. నీ మాట మీదనే ఉన్నది."

నిస్సికి అతడు కాక కావడం నెత్తుటి చుట్టరికం వల్ల కాదు. ఆమె తండ్రి విక్టర్ గాలయ్యకు ఉస్తాదు. చర్చి వెనుక సందులో ఆయన షెడ్డు ఉన్న రోజుల్లో, మీసాలు సరిగ్గా రాని వయసులో గాలయ్య అక్కడ పానా పట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ సందులో సెల్‌ఫోన్ దుకాణాలున్నాయి. ఉస్తాదు పోయి ఏళ్లు గడిచాయి. ఆయన బాగుచేసిన బండ్లు ఒక్కొక్కటే ఊరి నుంచి కనుమరుగయ్యాయి. ఆయన సొంతానికి కొనుక్కున్న ఈ కారు ఒక్కటి మిగిలింది. దాని ఇంజినులో ఆయన చేతి బిగింపులు ఇంకా ఉన్నాయి. దాన్ని తుక్కుకు పంపే మాట తన నోటినుంచే రావాలి. గాలయ్యను వేధిస్తున్నది అదే.

ఉస్తాదు ఉంటే ఈపాటికి దొరికేది. బానెట్ ఎత్తగానే ఆయన ఒక అడుగు వెనక్కి జరిగి, గాలయ్యను భుజం పట్టి ముందుకు నెట్టేవాడు. "ఏం వాసన? చెప్పు," అనేవాడు. మాడిన క్లచ్చు, కాలే నూనె, కరిగే వైరు తొడుగు, రేడియేటరు నీళ్లలో కలిపే తియ్యని కూలెంటు. గాలయ్య ఊపిరి పీల్చి చెప్పేవాడు. జవాబు సరైనదైతే ఉస్తాదు ఏమీ అనేవాడు కాదు. మౌనంగా పానా అందుకునేవాడు. ఆ మౌనం కోసం గాలయ్య అన్నం మానుకొని నిలబడిన రోజులున్నాయి.

ఇప్పుడు గాలయ్యకు వాసన తెలియదు. కరోనా జ్వరం తగ్గింది కాని, అది తీసుకుపోయింది తిరిగి రాలేదు. ఈ సంగతి భార్య బాలలక్ష్మికి తప్ప ఎవరికీ చెప్పలేదు. కళ్లతో, చెవులతో, వేళ్లతో పని నెట్టుకొచ్చాడు. చాలా బండ్లకు అవి సరిపోయాయి. పోయిన వాటిలో అతడికి తరచుగా గుర్తొచ్చేవి పూలూ కాదు, పులుసులూ కాదు. పొద్దున షట్టరు ఎత్తగానే ఎదురొచ్చే పెట్రోలు, గ్రీజు, తడి ఇనుము కలిసిన ఒక వాసన. అది ఉన్నంత కాలం దాన్ని అతడు గమనించనే లేదు. ఇప్పుడు రోజూ షట్టరు ఎత్తి ఒక క్షణం నిలబడతాడు, ఎవరో రావలసి ఉన్నట్టు.

చాయ చల్లారిపోయింది. గాలయ్య మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు. గాస్కెట్ పోతే నూనెలో నీళ్లు కలిసి పాలచాయ రంగు రావాలి. నల్లగానే ఉంది. రేడియేటరు మూత తీసి ఇంజిను నడిపాడు. బుడగలు లేవు. వెనుక గొట్టంలో తెల్లటి పొగ లేదు. పైపులన్నీ వేళ్లతో నొక్కుతూ పోయాడు, నాడి చూసినట్టు. ఏ గుర్తూ గాస్కెట్ అని చెప్పలేదు. కాదని చెప్పడానికి మాత్రం అవి చాలవు. లోపలి రోగం కొన్నాళ్లు ఏ గుర్తూ చూపకుండా ఉండగలదు. అతడికి ఆ సంగతి తెలుసు.

మధ్యాహ్నానికి నిస్సి ఆటో దిగింది. అదే సమయానికి బాలలక్ష్మి అన్నం గిన్నె తెచ్చింది. రేకుల కింద వేడి పొయ్యిలా ఉంది.

"ఇద్దరు బండ్ల కూసోండ్రి," అన్నాడు గాలయ్య. "ఏసీ ఏస్కోండ్రి. ఇంజిన్‌కు జర బరువు పడాలె. వేడెక్కితే ఏడనన్న బయట పడతదేమో చూస్త. నిస్సీ, ముల్లు మీద కన్నుంచు."

బాలలక్ష్మి ముందు సీటు తలుపు తీసి ఆగింది. "చెప్పులు విడిచి ఎక్కాల్నా బిడ్డా?"

"వద్దు చిన్నమ్మా, ఏస్కునే ఎక్కు. కింద తడి ఉంటది. ఏసీ నీళ్లు కారుతయి. పేపర్లు ఏసిన."

అద్దాలు మూసుకున్నాయి. గాలయ్య బానెట్ కింద తల పెట్టి చూస్తూ ఉన్నాడు. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఎక్కడా చెమ్మ కనిపించలేదు. కొంతసేపటికి నడుము పట్టుకొని లేచి, ముల్లు ఎక్కడుందో అడగడానికి కిటికీ దగ్గరికి వెళ్లి అద్దం మీద కొట్టాడు. అద్దం దిగింది. లోపల వాళ్లిద్దరూ వేరే లోకంలో ఉన్నారు.

"ముంగట పెట్టిన సెంటు డబ్బా వాసన నాకు తెల్వదా బిడ్డా?" అంటోంది బాలలక్ష్మి. "గది ముక్కుకు కొడ్తది. నేను చెప్పేది గది కాదు. అడుగున ఇంకోటున్నది. మా ఎల్దుర్తిల చెరుకు రసం మరగబెడ్తుండె సూడు, గా పెనం కాడికి పోతే గిట్లనే ఉంటుండె. బెల్లం గట్టివడక ముందుగాల."

"నేను రోజు ఎక్కుత కద, నాకు తెలుస్తలేదు," అన్నది నిస్సి.

గాలయ్య ముల్లు సంగతి మరిచిపోయాడు.

"ఏం వాసన? చెప్పు," అన్నాడు.

ఆ మాట అతడి గొంతులో వచ్చింది కాని, పలికిన తీరు అతడిది కాదు. ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడి ఉన్నానని అప్పుడు గమనించాడు. పెట్రోలు డబ్బాల మీద, బ్యాటరీ ఆమ్లం మీద ఆయుష్షంతా వంగిన ఉస్తాదు కళ్ల ముందు మెదిలాడు. ఆయన అడిగింది పరీక్ష అనే ఇన్నేళ్లూ అనుకున్నాడు. తెలిసినవాడు అడిగినా తెలియనివాడు అడిగినా ప్రశ్న ఒక్కటే. వినేవాడికి తేడా తెలిసే మార్గం లేదు.

"చెప్పిన కదయ్య, బెల్లప్పాకం," అన్నది బాలలక్ష్మి. "తియ్యగ, జర ఘాటుగ. పెనం చుట్టు మేం తాటాకు పుల్లలు పట్టుకోని నిలబడుతుంటిమి. మా పెద్దనాయిన తిట్టుకుంటనే నురుగు తీసి పెడ్తుండె."

"ఎటు దిక్కు ఎక్కువున్నది?"

ఆమె తల వంచి కుక్కపిల్లలా ఇటూ అటూ కదిలింది. నిస్సి నవ్వు ఆపుకోలేకపోయింది. "కాళ్ల కాడ," అన్నది బాలలక్ష్మి చివరికి.

గాలయ్య తలుపు తీసి, ఆమె కాళ్లు పక్కకు జరిపించి, నానిపోయిన పేపర్లు ఎత్తాడు. కింద పట్టా తడిగా ఉంది. రెండు వేళ్ల మధ్య ఆ తడిని రుద్దాడు. ఏసీ నీళ్లయితే వేళ్లు తడిసి ఊరుకునేవి. ఇది జారింది. సబ్బు పూర్తిగా కడగని చెయ్యిలా జారింది. జేబులోంచి తెల్లబట్ట తీసి అద్ది, ఎండలోకి తెచ్చి చూశాడు. పలుచని ఆకుపచ్చ, కూలెంటు రంగు.

బట్ట చేతిలో పట్టుకొనే బానెట్ దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. ఇంజిను వెనుక గోడలోంచి రెండు సన్నని పైపులు లోపలికి వెళతాయి. డాష్‌బోర్డు చాటున ఒక బుల్లి రేడియేటరు ఉంటుంది. ఇంజినులోని వేడినీళ్లు అక్కడ తిరిగి వస్తాయి. అదే హీటరు. ఈ నేల మీద దాని మీట ఎరుపు వైపు తిప్పినవాడు ఎవడూ లేడు. ఉస్తాదు కూడా తిప్పి ఉండడు. మనుషులు కూర్చునే చోటి దాకా ఇంజిను నీళ్లు వస్తాయన్న సంగతే ఊరు మరిచిపోయింది. కాళ్ల కింద తడి కనబడితే ఏసీ అని సర్దుకుపోవడం అందరికీ అలవాటు. వాడనిది చెడిపోదని గాలయ్య కూడా అనుకున్నాడు. మీట ఎటున్నా నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి. మనం ఊసెత్తనంత మాత్రాన ఏదీ మనలోంచి ప్రవహించడం మానదు.

"తాగుతలేదు బిడ్డా," అన్నాడు. "కారుతున్నది. లోపట కారుతున్నది."

"అంటే గాస్కెట్ కాదా?"

"కాదు. హీటర్ ఓటువోయింది."

"ఈ బండికి హీటర్ ఉన్నదా?" అన్నది నిస్సి.

బక్కయ్య గ్లాసులు తీసుకోవడానికి వచ్చి విన్నాడు. "మరి తాగుతున్నదంటివి?"

"అన్నది నువ్వు," అన్నాడు గాలయ్య. ఆ రోజు మొదటిసారి అతడి మొహం విచ్చుకుంది.

పని పెద్దదేమీ కాదు. లోపలికి వెళ్లే రెండు పైపులనూ ఊడదీసి, వంపు గొట్టంతో ఒకదానికొకటి కలిపి క్లిప్పులు బిగించాడు. ఇక నీళ్లు లోపలికి రావు. హీటరు పనిచేయదు. నిస్సి పక్కనే నిలబడి చూస్తోంది. అడగాలా వద్దా అని తటపటాయించి అడిగింది.

"కాకా, నువ్వు గీ బండ్ల ఎన్నిసార్లు కూసున్నవు. నీకు ఎట్ల రాలేదు వాసన?"

క్లిప్పు స్క్రూ మీద గాలయ్య చెయ్యి ఆగింది. ఏదో ఒకటి చెప్పి తప్పుకోవచ్చు. సెంటు డబ్బా ఉండనే ఉంది.

"నాకు వాసన రాదు బిడ్డా. కరోనా అయిన కాన్నుంచి."

స్క్రూ వైపే చూస్తూ అతడే అడిగాడు: "మీ డాడీకి వస్తుండెనా?"

"డాడీకా?" ఆమె ఆలోచించింది. "ఏమో. అన్నం మాడి ఇల్లంత పొగ నిండినా మీకు తెల్వదా అని అమ్మ రోజు లొల్లి చేస్తుండె. బండి ధ్యానంల వడి తెల్వకపోతుండెనో, ముక్కుకే తెల్వకపోతుండెనో. నేనెన్నడు అడగలె. ఎందుకు?"

"ఊకెనే," అన్నాడు గాలయ్య. స్క్రూ చివరి మర తిప్పాడు.

ఎండ తగ్గాక ముగ్గురూ నర్సాపూర్ దారిలో బయలుదేరారు. మోదుగులు పూసి అడవి అంచు ఎర్రబడి ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు ముగ్గురి కళ్లూ ముల్లు మీదే ఉన్నాయి. ముల్లు సగానికి వచ్చి, అక్కడే నిలిచింది. తిరిగి వచ్చి ఇంజిను చల్లారేదాకా ఆగి చూశారు. నీళ్లు గీత మీదే ఉన్నాయి.

నిస్సి భర్తకు ఫోను చేసింది. "శశిధర్, ఆయనను రావద్దని చెప్పు. ఆ, కాకా చూసిండు. గాస్కెట్ కాదు, హీటర్. పెద్ద ఖర్చేం లేదు. కాకపోతే ఇంక హీటర్ రాదు." అటునుంచి ఏదో అడిగినట్టున్నాడు. "మరి గన్నేండ్లల్ల నీకెన్నడన్న ఎరుకనా మనకు హీటర్ ఉన్నదని?"

పట్టాలన్నీ బయటికి లాగి కడిగి ఆరేశారు. మరునాడు నిస్సి బడి నుంచి వస్తూ నీళ్లు చూపించడానికి ఆగింది. గీత కదలలేదు. గాలయ్య బానెట్ మూసి, బాలలక్ష్మిని పిలిచి కారులో కూర్చోమన్నాడు.

"చూడు. ఏమన్న ఉన్నదా?"

ఆమె కళ్లు మూసుకొని ఊపిరి పీల్చింది. మరోసారి పీల్చింది.

"లేదయ్య. ఏం లేదు. పోయింది."

"మంచిదే కద."

"మంచిదే," అన్నది ఆమె. కాని దిగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని, ఎదుట అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. నిస్సి బక్కయ్య దగ్గర చాయ తాగుతోంది, తొందరేమీ లేదు. గాలయ్య అటువైపు తలుపు తీసి, చేతులు ప్యాంటుకు తుడుచుకొని, పక్క సీట్లో కూర్చున్నాడు.

"పెనం ఎంతుంటుండె?" అని అడిగాడు.

"ఏ పెనం?"

"మీ ఎల్దుర్తిల."

బాలలక్ష్మి అతడి వైపు ఒకసారి అనుమానంగా చూసింది. తరువాత రెండు చేతులూ చాచి చూపించబోయింది. ఒక చెయ్యి కిటికీకి తగిలింది, మరొకటి అతడి భుజానికి తగిలి అక్కడే ఆగింది.

"గిండ్ల పట్టదు," అన్నది.